చొల్లంగి అమావాస్య, హేవలాక్ దీవి: ఒక కాకినాడ జంట కేస్ స్టడీ

విశాఖలో మాది చిన్న ఆఫీసు. నేను, ఫోన్లు చూసుకునే ఇంకో అమ్మాయి, అంతే. తొమ్మిదేళ్లుగా ఎక్కువగా అండమాన్ ప్రయాణాలే ప్లాన్ చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది 2025 జనవరి నాటి కేసు. ఆ జంట అనుమతితోనే రాస్తున్నాను, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇందులో నేను బాగా చేశాననుకున్నదీ ఉంది, చెడగొట్టిందీ ఉంది. చెడగొట్టినదాని కోసమే అసలు రాస్తున్నాను.

మొదటి ఫోన్ నవంబర్‌లో ఆయన చేశారు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. పెళ్లయి పదకొండేళ్లు. పెళ్లైన నెలకే మామగారికి ఆపరేషన్, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్, ఆ తర్వాత పాప. హనీమూన్ అనే మాట ఇంట్లో జోకుగా మిగిలిపోయింది. ఇప్పుడు పాపను వారం రోజులు చూసుకుంటానని అమ్మమ్మ ఒప్పుకుంది. ఆయన లిస్టు చిన్నదే: మంచి రూము, పూలతో అలంకరించిన మంచం, ఒక రాత్రి సముద్రం ఒడ్డున కొవ్వొత్తుల వెలుగులో భోజనం. బడ్జెట్ ఇద్దరికీ కలిపి లక్షా ముప్పై వేలు దాటకూడదు.

రెండో ఫోన్ మర్నాడు ఆవిడ చేశారు. జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. "మా వారు ప్యాకేజీ అడిగి ఉంటారు. నాకు అది వద్దండి. నాకు పగడాలు చూడాలి, మడ అడవి చూడాలి. రాత్రి నీళ్లు మెరుస్తాయంటారే, అది నిజమైతే అదీ చూడాలి" అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అడిగారు: "అక్కడ పోటు ఎన్నింటికి వస్తుందండి?"

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న అడిగిన కస్టమర్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆవిడకు అది తెలియడంలో ఆశ్చర్యం లేదు. ఏటా పిల్లల్ని కోరంగి మడ అడవికి ఫీల్డ్ ట్రిప్‌కు తీసుకెళ్తారు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, వెళ్తే వేళ్లు కనిపిస్తాయి, పోటు వేళ, నీళ్లు ఎక్కినప్పుడు, వెళ్తే నీళ్లే కనిపిస్తాయి. బస్సు మాట్లాడే ముందు ఉప్పాడ జాలరి ఎవరినో అడిగి టైం కనుక్కోవడం ఆవిడకు అలవాటు.

తేదీ ఎలా కుదిరింది

అండమాన్‌కు చాలామంది పౌర్ణమి చూసుకుని వెళ్తారు. వెన్నెల, సముద్రం, జంట, ఫోటోలకు బాగుంటుంది నిజమే. కానీ ఆవిడ కోసం నేను అనుకున్నవాటిలో రెండింటికి అమావాస్య బాగా కుదురుతుంది. నీటిలో మెరుపు అంటే కంటికి కనపడనంత చిన్న ప్లవక జీవులు, నీళ్లు కదిలినప్పుడు వెలుగు చిమ్మడం. ఆ వెలుగు చాలా సన్నం. వెన్నెల ఉంటే అందులో కలిసిపోతుంది. రెండోది నీల్ దీవిలో సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన. దాని కిందకు నడిచి వెళ్లి, రాళ్ల గుంటల్లో చిక్కుకున్న జీవాల్ని చూడాలంటే నీళ్లు బాగా వెనక్కి పోవాలి. సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలోకి వచ్చే అమావాస్యకో పౌర్ణమికో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ రోజుల్లో తేడా దాదాపు రెండు మీటర్లు. అష్టమి ప్రాంతంలో పోటు నీరసపడిపోతుంది.

అందుకని నేను 2025 జనవరి 29 చుట్టూ ప్లాన్ వేశాను. బుధవారం, పుష్య బహుళ అమావాస్య. ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబడి, సముద్రం కాస్త నెమ్మదించే రోజులు కూడా.

ప్లాన్ పంపిన సాయంత్రమే ఆయన ఫోన్. "అమ్మ ఒప్పుకోవట్లేదండి. అమావాస్యకి ప్రయాణమేంటి అంటోంది."

ఇలాంటివి నాకు కొత్త కాదు. అమావాస్య నాడు ప్రయాణం కాదని, బయల్దేరేది శనివారం 25న, ఏకాదశి అని చెప్పాను. పావుగంటకు మళ్లీ ఫోన్: శనివారం తూర్పు శూలట, ఆ దిక్కుకు ప్రయాణం కూడదట. అండమాన్ తూర్పే కదా! ఆయనే ఆలోచించి చెప్పారు, మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్ట్‌లో, విమానం ఎక్కి ముందు చెన్నై వెళ్తాం, అది దక్షిణం, తూర్పుకు తిరిగేది ఆదివారం కదా అని. శూల సంగతి అలా తీరింది. అమావాస్య సంగతి మాత్రం కోడలే తీర్చింది. "అత్తయ్యా, అది చొల్లంగి అమావాస్య. సముద్ర స్నానం చేయాల్సిన రోజు. ఏటా చొల్లంగిలో చేస్తాం, ఈసారి అదే సముద్రం అవతలి ఒడ్డున చేస్తాం" అందట. పెద్దావిడ రెండు నిమిషాలు ఆగి, "ఆయ్, అయితే నా పేరు మీద కూడా మూడు మునకలు వెయ్యండి" అన్నారట.

నేను ఈ ముచ్చట ఊరికే రాయడం లేదు. నా పనిలో సగం ఇదే. కుటుంబం ఒప్పుకోని తేదీకి ఎంత మంచి ప్లాన్ వేసినా, జంట అక్కడ కూర్చుని ఇంటికి ఫోన్లు చేసుకుంటూ ఉంటారు.

వద్దన్న చోటు

ఆవిడ లిస్టులో బారాటాంగ్ కూడా ఉంది. మడ అడవి మధ్యలోంచి పడవలో వెళ్లి సున్నపురాతి గుహలు చూడటం. బోటనీ మనిషికి అంతకంటే మంచి ఊరింపు ఉండదు. నేను అది అమ్మను, అదే చెప్పాను.

కారణం దారి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలబడాలి. అక్కడి నుంచి వాహనాలు కాన్వాయ్‌గా జారవా అనే ఆదివాసీ తెగ ఉండే రిజర్వు అడవిలోంచి వెళ్తాయి. ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. నియమాలు గట్టివే. కానీ ఆ బండ్లలో ఎక్కువమంది ఎదురుచూసేది గుహల కోసం కాదు, రోడ్డు పక్కన మనుషులు కనిపిస్తారేమోనని. 2012లో ఆ మనుషుల చేత డాన్స్ చేయించిన వీడియో బయటపడి దేశమంతా గొడవైంది. అందుకే మొదటి నుంచీ నా ప్లాన్లలో ఆ రోడ్డు లేదు. వెళ్లినవాళ్లను తప్పుపట్టను, అక్కడి జనానికి ఉన్న దారి కూడా అదే. కానీ హనీమూన్ ప్యాకేజీలో పెట్టడం నాకు మనసొప్పదు.

ఆవిడ ఒక్క క్షణం ఊరుకుని, "అయితే మడ అడవి ఎక్కడ చూపిస్తారు?" అన్నారు. హేవలాక్‌లోనే, కయాక్‌లో, అంటే తెడ్డు వేసే చిన్న పడవలో అన్నాను.

మొదటి రెండు రోజులు

2024 సెప్టెంబర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీవిజయపురం. హేవలాక్, నీల్ దీవుల పేర్లు 2018 డిసెంబర్‌లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి. టికెట్ మీద ఒక పేరు, ఆటో అతని నోట ఇంకో పేరు ఉంటుంది కాబట్టి రెండూ రాసిస్తాను. గోదావరి వాళ్లతో హేవలాక్ అనగానే ఒకటే ప్రశ్న: మన వంతెన పేరేనా? కాదు. రాజమండ్రి పాత వంతెన మద్రాసు గవర్నర్ ఆర్థర్ హేవలాక్ పేరు మీద. దీవి పేరు 1857లో మనవాళ్ల మీద యుద్ధం చేసిన హెన్రీ హేవలాక్‌ది. నీల్ కూడా ఆ కాలపు సైన్యాధికారే, క్రూరత్వానికి పేరుపడ్డవాడు.

26న దిగాక ఆ సాయంత్రానికి చిడియా టాపూ పెట్టాను. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, దక్షిణ కొసన. పక్షులకు, సూర్యాస్తమయానికి పేరు. ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. తొలి ఏడాదిలో ఒక జంటను అక్కడికి సాయంత్రం ఆరింటికి చేరేలా ప్లాన్ వేశాను. వాళ్లు చేరేసరికి చీకటి. దేశమంతా ఒకే గడియారం అయినా సూర్యుడికి ఆ సంగతి తెలియదు కదా. మన టైం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ అక్కడి నుంచి ఇంకో పది డిగ్రీలు తూర్పున. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన నలభై నిమిషాలు. జనవరి చివర్లో కాకినాడలో ఆరు కావస్తుండగా పొద్దు కుంకితే, అక్కడ ఐదూ ఇరవైకే అయిపోతుంది. ఇప్పుడు ఎవరికైనా మొదటి కాగితంలో పెద్ద అక్షరాలతో రాస్తాను: మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించండి, మూడున్నరకు బయల్దేరండి.

డ్రైవర్ తెలుగువాడు. పోర్ట్‌బ్లెయిర్‌లో శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ వైపు వెళ్తే తెలుగు వింటూనే ఉంటాం. "మాది సోంపేట కాడండి, తాతల నాడే వచ్చీసినాం" అన్నాడట. పుట్టింది, పెరిగింది అండమాన్‌లోనే, యాస మాత్రం ఊరిదే. దారిలో కనిపించిన ప్రతి చెట్టుకూ ఆవిడ బండి ఆపమంటే, అతను ఆపాడు. ఆయన వెనక సీట్లో నిద్రపోయారు.

27 ఉదయం ప్రైవేట్ ఫెర్రీలో హేవలాక్. రెండు గంటల లోపు ప్రయాణం. ఈ బోట్లు వేగంగా వెళ్తాయి, ఏసీ ఉంటుంది, కానీ అద్దాలు మూసే ఉంటాయి, బయట నిలబడే చోటు సరిగా ఉండదు. సర్కారు ఫెర్రీలో డెక్ ఉంటుంది, టికెట్ దొరకడమే కష్టం. అందుకని వెళ్లేటప్పుడు ప్రైవేట్, తిరుగు ప్రయాణంలో నీల్ నుంచి సర్కారుది కుదిర్చాను. వాంతుల భయం ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: డాక్టర్‌ను అడిగి మాత్ర తెచ్చుకోండి, బోటు కదలకముందే వేసుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది బయటికే వస్తుంది.

ఆ సాయంత్రం రాధానగర్. పడమటి ముఖంగా ఉన్న పొడవాటి ఇసుక, వెనక ఆకాశమంత చెట్లు. 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చిన ఎనిమిది భారతీయ బీచ్‌లలో ఇదొకటి, మన రుషికొండ ఇంకొకటి. అయితే రుషికొండలో లేని భయం ఇక్కడ ఉంది. 2010లో ఈ బీచ్ పక్కనున్న చిన్న వంపులో స్నార్కెలింగ్ చేస్తున్న పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపేసింది. వల కట్టిన చోటే దిగండి, కాలువలు సముద్రంలో కలిసే మూలలకు పోవద్దు, చీకటి పడ్డాక నీళ్లలో ఉండొద్దు. ఇది ప్రతి జంటకూ చెప్తాను. కొందరు నవ్వుతారు.

పడవ, తెడ్డు, చీకటి

28 ఉదయం స్కూబా, అంటే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం. ఈత రానివాళ్లు కూడా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్లే మొదటి డైవ్ చేయొచ్చు. తిరుగు విమానం ఫిబ్రవరి 1న కాబట్టి ఇబ్బంది లేదు. డైవ్ చేశాక కనీసం ఒక రోజు విమానం ఎక్కించను. కొంతమంది ఏజెంట్లు చివరి రోజు ఉదయం స్కూబా, మధ్యాహ్నం ఫ్లైట్ పెడతారు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకి వెళ్లాక బుడగలు కట్టే ప్రమాదం ఉంది, అది ఆటలు కాదు.

ఆయన డైవ్ చేయలేకపోయారు. చెన్నై హోటల్ ఏసీకి జలుబు పట్టింది, ఫారంలో మాత్రం "లేదు" అని రాశారు. రెండు మీటర్లు దిగేసరికి చెవి పోటు. ముక్కు మూసి గాలి ఊదినా చెవి తెరుచుకోలేదు. పైకి తెచ్చేశారు. ఆవిడ నలభై నిమిషాలు కిందే ఉన్నారు. పైకొచ్చి చెప్పిన మొదటి మాట: "చాలా చోట్ల పగడం చచ్చిపోయి ఉంది." నిజమే. 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి, కొన్ని చోట్ల తిరిగి పెరుగుతున్నాయి, కొన్ని చోట్ల ఇంకా బూడిదరంగు రాళ్లే. బ్రోషర్‌లో ఉండేది బతికి ఉన్న భాగం ఫోటో. ఇది నేను ముందే చెప్పాను కాబట్టి ఆవిడ నిరాశపడలేదు. ఎక్కడ చచ్చింది, ఎక్కడ కొత్తగా అంటుకుంది అని నోట్సు రాసుకున్నారు.

రాత్రి కయాక్. ఏడున్నరకు, నీళ్లు నిండుతున్న వేళ, మడ చెట్ల మధ్య కాలువలోకి. మెల్లగా తెడ్డు వేసే ఇద్దరి కయాక్, ముందూ వెనకా గైడ్‌లు. ఈత రాని ఆయనకు లైఫ్ జాకెట్ వేసి, పడవ బోల్తా పడ్డా తేలుతారని గైడ్ మూడుసార్లు చెప్పాల్సి వచ్చిందట. ఈ భాగం గురించి ఆవిడ తర్వాత నాకు పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టారు. అందులో విషయం ఇది.

కాలువలోకి మలుపు తిరిగాక గైడ్ టార్చ్ ఆర్పేశాడు. మొదట ఏమీ లేదు. కళ్లు అలవాటు పడటానికి పది నిమిషాలు పట్టింది. అప్పుడు తెడ్డు ముంచిన చోట నీలంగా, పొగలాగా ఏదో కదిలింది, వెంటనే ఆరిపోయింది. చెయ్యి ముంచితే వేళ్ల మధ్య నుంచి చిన్న చిన్న చుక్కలు. పడవ కింద నుంచి ఒక చేప పారిపోతే దాని దారి గీత గీసినట్టు కనిపించింది. సినిమాలో చూపించినట్టు అల మొత్తం వెలగలేదు, అంత ఉండదని నేను చెప్పే ఉన్నాను. ఫోన్‌లో ఏమీ పడలేదు. తిరిగొస్తూ గైడ్ టార్చ్ వేసి వేళ్లు చూపించాడు. కోరంగిలో మడ చెట్టు వేళ్లు బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు నిటారుగా పైకి వస్తాయి. ఇక్కడ ఎక్కువగా ఉప్పు పొన్న జాతి, చెట్టే కర్రకాళ్ల మీద నిలబడ్డట్టు కొమ్మల్లోంచి వంపులు తిరిగి దిగిన వేళ్లు. "ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్న బొమ్మ ఇది, ఇప్పుడు దాని కింద నుంచి పోతున్నాను" అన్నారు మెసేజ్‌లో. వెనక ఆయన గొంతు వినిపించింది: "నేను మాత్రం గంటన్నర దేవుణ్ని తలుచుకున్నానండి."

అమావాస్య రోజు

29 ఉదయం ఆరింటికి ముందే పొద్దు పొడిచింది. తూర్పు ముఖంగా ఉన్న రిసార్ట్ ముందే ఇద్దరూ మోకాలి లోతు నీళ్లలో స్నానం చేశారు. అత్తగారి పేరు మీద మూడు మునకలు, వీడియో కాల్‌లో. నెట్‌వర్క్ నిలిచింది. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక పరిస్థితి చాలా మారింది, అయినా దీవుల్లో దాన్ని నమ్ముకుని యూపీఐ మీదే వెళ్లొద్దని చెప్తాను. చేతిలో నగదు ఉండాలి.

హేవలాక్ తూర్పు ఒడ్డు గురించి తెలియనివాళ్లు మోసపోయామనుకుంటారు. పోటు వేళ కొబ్బరి చెట్ల మొదళ్ల దాకా నీళ్లు. పాటు వేళ అదే చోట చాలా దూరం వరకు తడి ఇసుక, చచ్చిన పగడపు రాళ్లు, ఈతకు పనికిరాదు. "బీచ్ ఏదండీ?" అని మధ్యాహ్నం ఫోన్ చేసినవాళ్లున్నారు. ఈ జంటకు ముందే తెలుసు. మధ్యాహ్నం మూడింటికి నీళ్లు బాగా వెనక్కి పోయాక ఆవిడ చెప్పులేసుకుని ఆ రాళ్ల మధ్య రెండు గంటలు తిరిగారు. శంఖం మోసుకుని తిరిగే పీతలు, నల్లటి దోసకాయలా పడి ఉండే సీ కుకుంబర్, చెయ్యి పెడితే ముడుచుకుపోయే గుల్ల. ఆయన ఊయలలో పడుకున్నారు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. అప్పటిదాకా ఈ ప్లాన్ నేను వేసినవాటిలో మంచిది.

రాత్రి ఎనిమిదికి భోజనం. ఆయన మొదటి రోజు నుంచీ అడిగినది ఇదొక్కటే. రిసార్ట్‌కు నేను పంపిన మెసేజ్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది: "29 రాత్రి 8కి, బీచ్ మీద, నీళ్లకు వీలైనంత దగ్గరగా టేబుల్ వేయండి. స్పెషల్ అకేషన్." వాళ్లు నాలుగున్నర వేల రూపాయలు తీసుకున్నారు. సాయంత్రం ఐదున్నరకు కుర్రాళ్లు ఇసుక మీద కర్రలు పాతి, తెల్ల గుడ్డలు కట్టి, గుండె ఆకారంలో దీపాలు పెట్టారు. ఆ టైంకు నీళ్లు ఇంకా దూరంగానే ఉన్నాయి. వాళ్లు ఆ వారమే పనిలో చేరిన మెయిన్‌ల్యాండ్ పిల్లలట.

అమావాస్య నాడు అక్కడ పోటు ఉదయం తొమ్మిది ప్రాంతంలో ఒకసారి, మళ్లీ రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి నిండుతుంది. ఆ పట్టిక నా టేబుల్ మీదే ఉంది. దాన్ని చూసే నేను వంతెన టైం, కయాక్ టైం, స్నానం టైం వేశాను. భోజనానికి చూడలేదు.

ఎనిమిదింటికి వాళ్లు కూర్చున్నారు. ఆవిడ చీర కట్టుకున్నారు, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. సూప్ వచ్చేలోపు గుండె ఆకారంలో కింది సగం దీపాలు ఆరిపోయాయి. అల వచ్చి పోయిందనుకున్నారు. చేప వచ్చేసరికి కుర్చీ కాళ్లు ఇసుకలోకి కూరుకుపోతున్నాయి. టేబుల్ వెనక్కి జరుపుదామంటే వెనక చెట్ల వేళ్లు, కర్రలు. ఎనిమిదీ నలభైకి ప్లేట్లు చేతిలో పట్టుకుని లోపలికి నడిచారు. రెస్టారెంట్‌లో మిగిలిన టేబుల్ ఒక్కటే, ట్యూబ్‌లైటు కింద, పాతికమంది ఆఫీసు టూర్ గుంపు పక్కన.

ఆవిడకు ఇది నవ్వులాటే. ఆయనకు కాదు. రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "మా ఆవిడ రాళ్లు చూడటానికి పోటూ పాటూ నిమిషాలతో సహా లెక్కగట్టారు కదండీ. నా టేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చూడలేదు?"

నా దగ్గర సమాధానం లేదు. తర్వాత ఆలోచిస్తే నిజం ఏంటంటే, ఆవిడ అడిగినవి నాకు పనిలా అనిపించాయి, ఆయన అడిగింది డెకరేషన్‌లా అనిపించింది. ప్రకృతి చూడటం అంటే లెక్క, శ్రద్ధ. రొమాన్స్ అంటే రిసార్ట్‌కు ఒక మెసేజ్. చాలామంది ప్లానర్లు ఇలాగే ఆలోచిస్తాం, కాకపోతే అటుది ఇటు అవుతుంది. ప్యాకేజీ వాళ్లు పూల మంచానికి శ్రద్ధ పెట్టి, పగడాలకు "గ్లాస్ బాటమ్ బోట్" అని ఒక లైన్ రాసి వదిలేస్తారు.

మిగిలిన రోజులు

30న నీల్. వంతెన దగ్గర లెక్క సరిగ్గా కుదిరింది. మధ్యాహ్నం మూడు దాటాక, నీళ్లు అడుగంటిన వేళ, స్థానిక బెంగాలీ గైడ్‌తో రాళ్ల మీదుగా నడక. ఆ రాళ్లు నాచుతో జారతాయి, అరిగిన చెప్పులు వేసుకుని వెళ్తే పడతారు. పది అడుగుల లోపల ఆవిడ నాలుగు గుంటల దగ్గర కూర్చున్నారు, గైడ్ ఏ జీవాన్నీ ఎవరినీ చేత్తో తాకనివ్వలేదు, మంచి మనిషి. ఆయన ఆ రోజు మాటల్లో తక్కువగా ఉన్నారని డ్రైవర్ నాకు చెప్పాడు. సాయంత్రం పొద్దు కుంకే వేళకు లక్ష్మణ్‌పూర్ ఒడ్డున ఇద్దరికీ కొబ్బరిబోండాలు, ఒక చాప ఏర్పాటు చేయించాను. పరిహారం కింద కాదు, చేతనైనంత. ఐదూ ఇరవైకి పొద్దు కుంకింది. అక్కడ ఒడ్డు విశాలం, నీళ్లు ఇంకా దూరంగానే ఉన్నాయి, ఈసారి చూసుకునే చెప్పాను. ఇసుక పురుగులు మాత్రం కాళ్లను వదల్లేదట. నూనె రాసుకోమన్నది ఆయన మర్చిపోయారు.

31న సర్కారు ఫెర్రీ డెక్ మీద ఎగిరే చేపలు చూశారు. మధ్యాహ్నం సెల్యులార్ జైలు. హనీమూన్‌లో జైలా అని కొందరు వద్దంటారు, నేను మాత్రం చివర్లో పెడతాను. 1906కు పూర్తయిన కట్టడం, ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. రంప పోరాటంలో పట్టుబడ్డవాళ్లలో కొందరిని కూడా ఇక్కడికే పంపారు. ఆయన ఆ గదుల ముందు చాలాసేపు నిలబడ్డారట.

ఫిబ్రవరి 1న ఎయిర్‌పోర్ట్‌కు బయల్దేరే ముందు ఆయన జేబులోంచి ఒక తెల్లటి పగడపు ముక్క బయటపడింది. పాపకు తీసుకెళ్దామని. చచ్చిన పగడమైనా తీసుకెళ్లకూడదు, వన్యప్రాణి చట్టం కిందకు వస్తుంది, స్కానింగ్‌లో పట్టుకుంటారు. డ్రైవర్ దాన్ని తీసుకుని సముద్రంలో వేశాడు.

లెక్కలు

మొత్తం ఖర్చు లక్షా ఇరవై ఏడు వేలు. ఆ నాలుగున్నర వేలు నేను నా జేబులోంచి తిరిగిచ్చాను. రిసార్ట్ వాళ్లు తిరిగి ఇవ్వం అన్నారు, నేనూ గట్టిగా అడగలేదు. మెసేజ్ రాసింది నేను, నీళ్లకు దగ్గరగా అన్నది నేను. ఆయన డబ్బు తీసుకున్నారు, మర్యాదగా థాంక్స్ చెప్పారు. ఆవిడ ఏప్రిల్‌లో ఇద్దరు కొలీగ్స్‌ను నా దగ్గరికి పంపారు. ఆయన తరఫున ఇంతవరకు ఎవరూ రాలేదు.

మా షీట్‌లో ఇంతకుముందు బీచ్‌లకు, కయాక్‌కు, వంతెనకు మాత్రమే పోటు టైం గడి ఉండేది. ఇప్పుడు భోజనానికి, ఫోటోషూట్‌కు, ఒడ్డున వేసే ప్రతి కుర్చీకి ఉంది. అమావాస్య కోసం వెళ్లే జంటకు ఒడ్డున రాత్రి భోజనం ఇవ్వను. పొద్దు కుంకే వేళ, ఐదింటికి, చాప మీద టిఫిను పెట్టించి, రాత్రి భోజనం చెట్ల కింద వేయిస్తాను. కొవ్వొత్తుల భోజనమే ముఖ్యం అనేవాళ్లకు అష్టమి చూసి తేదీ ఇస్తాను. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి పాటు, అదీ నీరసపు పాటు, అల వచ్చినా టేబుల్‌కు దూరంగానే ఆగిపోతుంది. నీళ్లు మెరిసేది ఆ రాత్రి అంత బాగా కనపడదు, పైన సగం చంద్రుడుంటే. రెండిట్లో ఏది కావాలో మొదటి ఫోన్‌లోనే, ఇద్దరినీ విడివిడిగా అడుగుతున్నాను.